సైకిలుకు తాళం ఒక్కటే చాలదు, కట్టేయడానికి కమ్మీ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది సైకిలు షాపు. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. జూన్‌లో బడులు తెరిచే ముందు పిల్లలకు సైకిళ్లు కొనేవాళ్లతో షాపు సందడిగా ఉంటుంది. ఆరేడు వేలు పెట్టి సైకిలు కొన్న తండ్రి, లాకు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇయ్యన్నా, తక్కువలో" అంటాడు. అదే మనిషి కొన్నాళ్లకు మళ్లీ వచ్చి "సైకిలు ఎవడో ఎత్తుకుపోయినాడన్నా, సెకండ్‌హ్యాండ్‌లో ఏమన్నా ఉండాదా" అని అడుగుతాడు. పక్కన పిల్ల తల వంచుకుని నిలబడి ఉంటుంది. తప్పు తనదే అన్నట్టు ఉంటుంది ఆ పిల్ల ముఖం. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తప్పు ఆ పిల్లది ఎంతమాత్రం కాదు. తండ్రిది కూడా సగమే అంటాను. మంచి లాకు కొన్నా, దాన్ని దేనికి వేసి కట్టాలో ఊళ్లో ఒక చోటు లేదు. ఈ రెండు సంగతులూ మీ పత్రిక ద్వారా తల్లిదండ్రులకూ, అధికారులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తాళం గట్టిదా కాదా అన్నది అమ్మేవాడికంటే కోసేవాడికే బాగా తెలుస్తుంది. నేను రెండు పనులూ చేస్తాను. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికే వస్తారు. ముందు బిల్లు గానీ, ఫోన్‌లో సైకిలుతో దిగిన ఫొటో గానీ చూపించమంటాను. తెలిసిన మనిషి అయితే సరే, లేకపోతే ఎంత బతిమాలినా ముట్టుకోను. ఇలా ఏళ్ల తరబడి లాకులు తెంచీ తెంచీ, ఏది ఎంతసేపు నిలబడుతుందో నా చేతులకు తెలిసిపోయింది.

ఎక్కువ అమ్ముడుపోయేది వైర్ లాకు. నూటయాభై, రెండు వందలకు వస్తుంది. రంగురంగుల ప్లాస్టిక్ తొడుగుతో బొటనవేలంత లావుగా కనిపిస్తుంది. ఆ లావు చూసే కొంటారు. తొడుగును బ్లేడుతో చీల్చి చూడండి. లోపల సన్నసన్నని తీగలు పురి పెట్టి ఉంటాయి, చవక రకాల్లో అన్నీ కలిపినా నాలుగైదు మిల్లీమీటర్లు కూడా ఉండవు. మామూలు కటింగ్ ప్లేయరుతో నాలుగు తీగలు ఒకసారి, నాలుగు తీగలు ఇంకోసారి కొరుక్కుంటూ పోతే టీ చల్లారేలోపు తెగిపోతుంది. చప్పుడు కూడా రాదు. పక్కన నిలబడ్డవాడు తల తిప్పి చూడడు. కేబుల్ కట్టరు ఉన్నవాడికి ఒక్క నొక్కు చాలు.

పిల్లలు తాళంచెవి పారేసుకుంటారని నంబర్ లాకు కొనేవాళ్లు ఉన్నారు. మూడు చక్రాల నంబర్ లాకులో 000 నుంచి 999 వరకు మొత్తం వెయ్యి నంబర్లే. నంబరుకు రెండు సెకన్లు వేసుకున్నా ముప్పై నాలుగు నిమిషాలలోపే అన్నీ తిప్పేయొచ్చు. బడి వదిలేదాకా షెడ్డులో ఎవరూ లేనప్పుడు అరగంట ఎంతసేపు? పైగా చవక లాకులకు అన్ని నంబర్లూ తిప్పే అవసరం కూడా ఉండదు. తీగను గట్టిగా లాగి పట్టుకుని ఒక్కో చక్రం తిప్పుతుంటే, సరైన అంకె దగ్గర కొంచెం పట్టినట్టు వేలికి తెలుస్తుంది. నంబర్ లాకు ఇంటి కాంపౌండు లోపలికి సరిపోతుంది, బజారుకు పనికిరాదు.

ఇక సైకిలుతో పాటే ఫిట్ చేసి ఇచ్చే రింగు లాకు. వెనక చక్రం దగ్గర ఫ్రేముకు బిగించి ఉంటుంది, తాళం వేస్తే కడ్డీ పుల్లల మధ్యగా పోయి చక్రాన్ని తిరగనివ్వదు. మంచి ఏర్పాటే, ఉండాలి కూడా. ఎవడైనా చటుక్కున ఎక్కి తొక్కుకుంటూ పోకుండా ఆపుతుంది. అంతవరకే దాని పని. తాళంచెవి పోయినవాళ్లు నా షాపుకు సైకిలు ఎలా తెస్తారనుకున్నారు? క్యారియర్ పట్టుకుని వెనక చక్రం పైకి లేపి, ముందు చక్రం మీద నడిపించుకుంటూ వస్తారు. దొంగ కూడా అంతే చేస్తాడు. లేదంటే ఎత్తి ఆటోలో పడేసుకుంటాడు. బరువైన పాతకాలం సైకిలైనా ఇద్దరు మనుషులకు ఒక లెక్క కాదు. "తాళం ఏసే పోయినానయ్యా, వచ్చి చూస్తే లేదు" అని వాపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ రింగు లాకు ఒక్కటే వేసినవాళ్లు.

కొందరు తెలివిగా ఆలోచించి హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన అమ్మే గొలుసు ఒక మీటరు కోయించుకుని, దానికి తాళంకప్ప వేస్తారు. వైర్ లాకు కంటే ఇది నయం. కానీ ఆ గొలుసు మెత్తటి ఇనుము. హాక్‌సా బ్లేడు దాంట్లో సుఖంగా దిగిపోతుంది. సైకిలు కోసం ప్రత్యేకంగా చేసే చైన్ లాకుల్లో మంచి రకాలకు లింకులను కాల్చి గట్టి పరుస్తారు. రెండింటినీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూసేవాళ్లు ఉన్నారు, అది రెండింటికీ అతుక్కుంటుంది, దానివల్ల ఏమీ తేలదు. తేల్చేది ఆకురాయి. లింకు అంచు మీద ఆకురాయి పెట్టి ఒక్కసారి రుద్దండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కరుచుకుంటుంది, తెల్లగా గీత పడుతుంది, వేలికి పొడి అంటుతుంది. గట్టి పరిచినదైతే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతుంది. అమ్మకానికి పెట్టిన సరుకు మీద ఆకురాయి పెట్టనివ్వమని కొందరు షాపువాళ్లు అంటారు. నేనైతే రకానికి ఒకటి ఇందుకోసమే పక్కన పెట్టాను, అడిగినవాళ్లకు రుద్ది చూపిస్తాను. మీరు ఎక్కడ కొన్నా అలా అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకొక జాగ్రత్త. ఫ్రేము రంగు గీసుకుపోకుండా చైన్ లాకుకు గుడ్డ తొడుగు ఉంటుంది. తొడుగు లావుగా ఉందని లోపల గొలుసు కూడా లావుగా ఉంటుందనుకోకూడదు. తొడుగును చేత్తో వెనక్కి జరిపి లింకు చూడండి. ఆరు మిల్లీమీటర్లకు తక్కువైతే వదిలేయండి, ఎనిమిది ఉంటే మంచిది. గుండ్రటి కడ్డీ కంటే చదరంగానో ఆరు పలకలుగానో ఉన్న కడ్డీ, రెండు పొడవాటి పిడులతో కడ్డీలు కొరికే బోల్ట్ కట్టరుకు సరిగా దొరకదు. గొలుసు బాగున్నా చివర తాళంకప్ప బక్కదైతే దొంగ గొలుసు జోలికే పోడు, కప్పనే కొడతాడు.

ఇంతకంటే గట్టిది యు ఆకారం లాకు. వేలంత లావు ఉక్కు కడ్డీని వంచి, కింద అడ్డపట్టీతో బిగుస్తుంది. మెడలో వేసుకునేంత పెద్దది చూసి ఎగబడి కొనొద్దు, చిన్నదే మేలు. తాళం వేశాక లోపల ఖాళీ ఎంత తక్కువుంటే, గడ్డపార దూర్చి మెలితిప్పడానికి సందు అంత తక్కువ. వెనక చక్రం రిమ్మును, సీటు నుంచి ఇరుసు దాకా దిగే గొట్టాలకూ కింద చైను పక్కన ఉండే గొట్టాలకూ మధ్య నుంచి పట్టుకుని కమ్మీకి కలిపి వేస్తే, చక్రమూ ఫ్రేమూ ఒకే లాకులో చిక్కుతాయి. రిమ్మును కోస్తే తప్ప సైకిలు ఊడిరాదు. ఎంత ఖరీదైన లాకైనా తాళంచెవి రకం చూసుకోవాలి. గొట్టంలా గుండ్రంగా ఉండే తాళంచెవి ఒకటి ఉంటుంది. 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ అనే పేరున్న కంపెనీ లాకులే, అలాంటి గుండ్రటి తాళంచెవివి, బాల్‌పెన్ను గొట్టం దూర్చి తిప్పితే తెరుచుకుంటున్నాయని బయటపడి పెద్ద గొడవ అయింది. కంపెనీ పాతవి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి నుంచి చదునైన తాళంచెవి ఉన్నవే తీసుకోమని చెబుతుంటాను.

గొలుసు వేసేటప్పుడు నేల మీద పడి ఉండకుండా చూసుకోండి. నేలకు ఆనితే బోల్ట్ కట్టరు ఒక పిడి నేలకు పెట్టి, ఇంకో పిడి మీద ఒళ్లంతా మోపి నొక్కడానికి దొంగకు వీలు దొరుకుతుంది. గాల్లో ఉంటే చేతి బలం ఒక్కటే దిక్కు. తాళంచెవి రంధ్రం కిందికి ఉండేలా వేయండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు తోడు సముద్రపు ఉప్పుగాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చే సైకిళ్ల లాకులు రెండేళ్లకే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కొబ్బరినూనె, వాడేసిన ఇంజినాయిలు పోయొద్దు, దుమ్ము పట్టి లోపల ముద్దకడుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు, నెలకోసారి, చాలు.

తెగని లాకు మాత్రం లేదు. బ్యాటరీతో నడిచే గ్రైండరు వచ్చాక ఎంతటి ఉక్కైనా కొన్ని నిమిషాలే. అయితే గ్రైండరు పెద్దగా అరుస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతాయి, నలుగురూ చూస్తారు. పాత సైకిలు కోసం అంత సాహసం ఎవరూ చేయరు. మన దగ్గర సైకిళ్లు పోయేది జేబులో కటింగ్ ప్లేయరు పెట్టుకు తిరిగేవాడి వల్ల, ఊరికే ఎత్తుకుపోయేవాడి వల్ల. వాడిని ఆపితే చాలావరకు ఆగినట్టే.

వాడిని ఆపాలంటే సైకిలును కదలని దానికి కట్టాలి. అసలు చెప్పాలనుకున్నది ఇదే. వెయ్యి రూపాయల చైన్ లాకు కొని సైకిలు చక్రానికీ ఫ్రేముకూ మధ్య వేసి ఊరుకుంటే, అది కూడా రింగు లాకు కిందే లెక్క. సైకిలు, లాకు కలిపి ఆటో ఎక్కుతాయి. కొన్నవాళ్లకు ఈ మాట చెబితే "మరి యాడ కట్టమంటావన్నా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మార్కెట్‌కు పోతాం, ఆసుపత్రికి పోతాం, బ్యాంకుకు పోతాం. కరెంటు స్తంభానికి కడదామంటే గొలుసు చుట్టూ తిరిగిరాదు, వానలో దాన్ని ముట్టుకోవడం కూడా ప్రమాదం. మొక్కల చుట్టూ పెట్టే ఇనుప జాలీకి కడితే జాలీతో సహా పైకి వస్తుంది. పొట్టి బోర్డు స్తంభానికి కడితే సైకిలును పైకెత్తి స్తంభం మీదుగా తీసేయొచ్చు. షాపు షట్టరు ముందు గ్రిల్లుకు కడితే షాపతను ఊరుకోడు, అతని ఇబ్బంది అతనిది. డబ్బులు కట్టే పార్కింగు స్టాండ్లలో మోటారు సైకిళ్లకు ఉన్న మర్యాద సైకిలుకు ఉండదు. ఎక్కడో మూల గోడకు ఆనించి పొమ్మంటారు, టోకెను కూడా ఇవ్వరు.

కొన్ని బడుల్లో సైకిలు స్టాండ్లు ఉన్నాయి. కానీ అవి ముందు చక్రం దూర్చే గాడుల స్టాండ్లు. పక్క సైకిలు మీద పడితే రిమ్ము వంకర పోతుంది, రిమ్ము బెండు తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. అంతకంటే పెద్ద నష్టం, ఆ గాడిలో లాకు ముందు చక్రానికి తప్ప ఫ్రేముకు అందదు. చాలా గేరు సైకిళ్లకు ముందు చక్రం లివరుతో ఊడొస్తుంది, పాన కూడా అక్కర్లేదు. ఇంటర్ చదివే ఒకమ్మాయి ఒకసారి వైర్ లాకు ఇంకా చుట్టుకునే ఉన్న ముందు చక్రాన్ని చేత్తో పట్టుకుని మా షాపుకు వచ్చింది. "దీనికి సరిపోయే సైకిలు ఉంటుందా అంకుల్" అని అడిగింది. మిగతా సైకిలంతా పోయింది. ఆ లివరు తీయించి మామూలు నట్టు వేయించుకోమని గేరు సైకిలు కొన్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, పెద్ద ఖర్చేమీ కాదు.

కావలసింది చాలా చిన్న ఏర్పాటు. రెండు అంగుళాల ఇనుప పైపును తిరగేసిన యు ఆకారంలో వంచి, రెండు కాళ్లూ నేలలో కాంక్రీటు పోసి పాతాలి. ఎత్తు నడుము దాకా, అంటే 75, 80 సెంటీమీటర్లు. ఒక్కో పైపుకు ఇటొకటి అటొకటి రెండు సైకిళ్లు ఆనించి ఫ్రేముకే లాకు వేసుకోవచ్చు. పైపుకూ పైపుకూ మధ్య మీటరు దూరం వదిలితే హ్యాండిళ్లు తగులుకోవు. ఒక కారు నిలిపే చోటులో ఇలాంటివి ఐదు పాతొచ్చు, పది సైకిళ్లు నిలుస్తాయి. ఊళ్లో గేట్లు చేసే ఏ వెల్డింగు షాపువాళ్లయినా ఇవి చేసిస్తారు. టెండర్లూ విదేశీ మోడళ్లూ అవసరం లేని పని. చోటు మాత్రం వెనక మూలన కాకుండా వాచ్‌మన్ కళ్ల ముందు, లైటు కింద ఉండాలి. చీకటి మూలలో పాతిన కమ్మీ దొంగకు తీరిక ఇచ్చినట్టవుతుంది.

"సైకిలే కదా, దానికింత హడావుడా" అనేవాళ్లకు ఒక మాట. కోవూరు, పడుగుపాడు నుంచి పెన్నా వంతెన దాటి రోజూ పనికి వచ్చే మేస్త్రీలు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లు, తెల్లారుజామున పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లు, హోటళ్లలో రాత్రి పన్నెండుకు పని దిగేవాళ్లు, వీళ్లకు సైకిలు లేకపోతే ఆటో చార్జీలకే కూలిలో పెద్ద భాగం పోతుంది. రాత్రి పన్నెండుకు ఆటో దొరకదు కూడా. ఆడపిల్లకు బడి రెండు మూడు కిలోమీటర్ల దూరమైతే, సైకిలు పోయిన ఇంట్లో చదువు మాన్పించే మాట లేస్తుంది. సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది ఈ కారణంతోనే కదా.

సైకిలు పోతే చట్టం ఎంతవరకు వస్తుందో కూడా చాలామందికి తెలియదు. ఒక వకీలు మా షాపుకు వచ్చినప్పుడు చెబితే నాకూ తెలిసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అంటే పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టంలో, దొంగతనం 303వ సెక్షన్. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, శిక్ష పడటం అదే మొదటిసారి అయి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే దొంగకు సమాజ సేవ శిక్షగా వేస్తారు. దీన్ని నేను తప్పుపట్టను. కూటికి లేక సైకిలు ఎత్తుకుపోయినవాణ్ని జైల్లో పెడితే ఎవరికి లాభం? కానీ దాంతోపాటు ఇంకొకటి ఉంది. కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత పట్టికలో ఈ 5,000 లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ కింద చేర్చారు. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు. రెండు మూడేళ్లు వాడిన మామూలు సైకిలు ఏదైనా ఈ 5,000 లోపే వస్తుంది. రోజు కూలి వదులుకుని సైకిలు కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? పోయాక వెతికే దారి ఇంత ఇరుకైనప్పుడు, పోకుండా చూసుకోవడానికి వీలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని నా అభిప్రాయం.

దొరికిన సైకిలు కూడా సొంతదారుకు చేరడం కష్టమే. ఒకే రంగు, ఒకే మోడలు సైకిళ్లు ఊళ్లో వందలు ఉంటాయి. మా నాయన కాలంలో సైకిలుకు లైసెన్సు ఉండేది, ఏటా డబ్బులు కడితే రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు, దాన్ని సైకిలుకు తగిలించుకునేవాళ్లు. అది పోయింది. ఇప్పుడు మిగిలింది ఫ్రేము నంబరు. సైకిలును తలకిందులు చేసి పెడళ్ల ఇరుసు ఉండే అడ్డగొట్టం అడుగున చూడండి, చాలా సైకిళ్లకు మట్టి తుడిస్తే ఇనుములో కొట్టిన అంకెలు అక్కడే కనిపిస్తాయి. వాటిని ఫోన్‌లో ఫొటో తీసి, బిల్లు ఫొటోతో పాటు దాచుకోండి. సైకిలు మీ సొంతమని చూపించడానికి అంతకంటే గట్టి రుజువు ఉండదు. నేను అమ్మే ప్రతి సైకిలు నంబరూ బిల్లు మీద రాసిస్తున్నాను. మిగతా షాపుల సోదరులు కూడా అలా రాసివ్వాలని కోరుతున్నాను.

నగరపాలక సంస్థ వారినీ, ఆర్టీసీ, రైల్వే, ఆసుపత్రుల అధికారులనూ, బడుల హెడ్మాస్టర్లనూ నేను అడిగేది ఇదొక్కటే. జనం వచ్చే ప్రతి చోటా గేటుకు దగ్గరగా కొన్ని పైపులు పాతించండి. ముందు ఒక బడిలో, ఒక మార్కెట్‌లో పెట్టి చూడండి. కొలతలు కావాలన్నా, ఏ లాకు ఏ పైపుకు పడుతుందో చూడాలన్నా ఇంజినీర్లు ఎవరైనా మా షాపుకు రావచ్చు. రోడ్‌స్టరు అనే పాతకాలం బరువు సైకిలు, ఆడపిల్లల సైకిలు, గేరు సైకిలు మూడూ పెట్టి కట్టి చూపిస్తాను. పైపు వంచేటప్పుడు ఉండమన్నా వచ్చి ఉంటాను, దానికి నాకేమీ ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ఒక సైకిలు షాపు మెకానిక్,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు